టెంపరేచర్ గన్: వెనుక బ్రేకులు పట్టేస్తున్న కారుతో నాలుగేళ్ల అనుభవం

మేముండేది కాకినాడలో, సముద్రానికి దగ్గరగా. ఇక్కడి ఉప్పు గాలికి గేటు గొళ్లెం నుంచి సైకిల్ చైను దాకా అన్నీ తుప్పు పడతాయి. నాలుగేళ్ల కిందట వానాకాలంలో, హ్యాండ్ బ్రేక్ లాగి ఉంచిన కారును పన్నెండు రోజులు కదపలేదు. తీసిన రోజు వెనుక నుంచి టక్కుమని శబ్దం వచ్చాక గాని బండి కదలలేదు. అప్పటి నుంచి లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చే బండి 15కు పడిపోయింది. రాజమండ్రికి బయలుదేరితే పెద్దాపురం దాటేసరికే బ్రేకు లోపలి లైనర్ (రాపిడి పొర) కాలిన వాసన వచ్చేది. మెకానిక్ షెడ్డులో మొదట చక్రంతో పాటు తిరిగే డ్రమ్ముకు ఒరుసుకుని దాన్ని ఆపే బ్రేక్ షూలు మార్చారు, తర్వాత ఆ షూలను ఆయిల్ ఒత్తిడితో నెట్టే వీల్ సిలిండర్ మార్చారు. వాసన మాత్రం పోలేదు. రెండుసార్లు డబ్బు పోసిన తర్వాత, అసలు ఏ చక్రం పట్టేస్తోందో నేనే తేల్చుకోవాలనిపించి వెయ్యి రూపాయల పైచిలుకు పెట్టి తాకకుండానే వేడి కొలిచే ఒక ఇన్‌ఫ్రారెడ్ టెంపరేచర్ గన్ కొన్నాను.

నుదుటి దగ్గర పెట్టి జ్వరం చూసే గన్ ఇందుకు పనికిరాదు. అది శరీర ఉష్ణోగ్రత చూడడానికి చేసింది. డ్రమ్ముల వేడి వంద డిగ్రీలు దాటవచ్చు కాబట్టి వర్క్‌షాపుల్లో వాడే రకమే తీసుకోవాలి.

నేను కొలిచే పద్ధతి ఇది. ఇరవై నిమిషాలు మామూలుగా నడిపి, చివరి కిలోమీటరులో వీలైనంత వరకు బ్రేకు తొక్కకుండా వేగం తగ్గించుకుంటూ వచ్చి సమతలంగా ఉన్న చోట ఆపుతాను. హ్యాండ్ బ్రేక్ లాగను, గేరులో ఉంచుతాను. దిగిన వెంటనే నాలుగు చక్రాలూ కొలుస్తాను. మామూలుగా ముందు చక్రాలే ఎక్కువ వేడిగా ఉంటాయి, ఎందుకంటే బ్రేకు భారంలో ఎక్కువ వంతు వాటిదే. అందుకని ముందు చక్రాన్ని వెనుక చక్రంతో పోల్చకూడదు. వెనుక ఎడమను వెనుక కుడితోనే పోల్చాలి. మొదటి రోజే నాకు ఎడమ వైపు 46 డిగ్రీలు, కుడి వైపు 112 డిగ్రీలు కనిపించాయి. షెడ్డులో వాళ్లు విప్పి మార్చినవన్నీ ఎడమ వైపువి! ఆ క్షణాన కలిగిన బాధ ఇప్పటికీ గుర్తుంది.

గన్ చెప్పేది అంతవరకే. ఏ చక్రమో చెబుతుంది, ఎందుకో చెప్పదు. ఆ కారణం వెతికేటప్పుడు నేనూ ఒక పొరపాటు చేశాను. ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెట్టి, వెనుక కుడి చక్రాన్ని జాకీతో లేపి, కింద స్టాండు పెట్టి చేత్తో తిప్పాను. చాలా బరువుగా తిరిగింది. కారు లోపల హ్యాండ్ బ్రేక్ లివర్ దగ్గర, దాని కేబుల్‌ను బిగించే నట్టు వదులు చేసినా మార్పు లేదు. దాంతో కేబుల్‌లో లోపం లేదని తేల్చేశాను. తర్వాత చక్రం దగ్గర బ్రేక్ ఆయిల్ బయటకు వదిలే బ్లీడర్ నిపిల్ కొద్దిగా తెరిచాను. బ్రేక్ ఆయిల్ ఒత్తిడి లోపల నిలిచిపోతే అది చిమ్మి చక్రం తేలికవ్వాలి, కానీ కాలేదు. ఇక డ్రమ్ము విప్పక తప్పలేదు. విప్పి చూస్తే, షూకు తగిలించి ఉండే, కేబుల్ లాగే చిన్న హ్యాండ్ బ్రేక్ లివర్ తన మొదటి స్థానానికి తిరిగి రాకుండా సగంలో నిలిచిపోయి ఉంది. కేబుల్ బ్యాక్ ప్లేటులోకి (డ్రమ్ము వెనుక రేకులోకి) దూరే చోట లోపలి తీగ తుప్పుతో బిగుసుకుపోయింది. అలా చివర్లో బిగుసుకుంటే ఇవతల నట్టు ఎంత వదులు చేసినా ఫలితం ఉండదు. కేబుల్‌లో లోపం లేదని చెప్పే ముందు డ్రమ్ములోని ఆ లివర్ పూర్తిగా వెనక్కి వచ్చిందో లేదో కళ్లతో చూడాల్సిందే. కేబుల్ మార్చిన మర్నాడు ఎడమ 47, కుడి 48. వారంలో మైలేజీ కూడా పాత లెక్కకు వచ్చింది.

రెండేళ్ల తర్వాత మా తమ్ముడి కారుకు ఇందుకు భిన్నమైన సంగతి ఎదురైంది. పొద్దున్న బయలుదేరినప్పుడు ఏ ఇబ్బందీ ఉండదు, పది పదిహేనుసార్లు బ్రేకు తొక్కాక ఎడమ వెనుక చక్రం పట్టేస్తుంది. అక్కడ బ్లీడర్ తెరవగానే చక్రం వదిలింది. మళ్లీ పట్టేలా చేసి, ఈసారి చక్రానికి ఆయిల్ తీసుకెళ్లే రబ్బరు గొట్టానికి ఇవతల ఇనుప పైపు జాయింటు వదులు చేస్తే చక్రం వదల్లేదు. అంటే లోపం ఆ రబ్బరు గొట్టానిదే. గొట్టం లోపల రబ్బరు ఉబ్బి మూసుకుపోయింది. కాలు తొక్కిన బలానికి ఆయిల్ అటు వెళ్తుంది, కాలు తీశాక వెనక్కి రాలేదు. పైనుంచి చూస్తే గొట్టం కొత్తదానిలాగే ఉంది. అది మార్చాక, బ్రేకు పైపుల్లో చేరిన గాలి తీసేటప్పుడే నల్లబడిన పాత ఆయిల్ మొత్తం తీయించాను. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ పట్టిన కొద్దీ లోపలి లోహ భాగాలు తుప్పు పడతాయి, ఆయిల్ తక్కువ వేడికే మరుగుతుంది. మా ఊరి గాలిలో రెండేళ్లకు మించి ఉంచకపోవడం మంచిదని నా గట్టి నమ్మకం.

గన్‌తో ఇబ్బందులూ ఉన్నాయి. మెరిసే లోహం మీద అది అసలు వేడి కంటే చాలా తక్కువ చూపిస్తుంది. మసకబారిన, తుప్పు రంగు డ్రమ్ము ముఖం మీదే కొలవాలి, వీల్ కవర్ ఉంటే తీసేయాలి. గన్ వేసే ఎర్ర చుక్క పడినంత మేరనే కొలుస్తుందనుకోవడం కూడా తప్పు. దూరం పెరిగే కొద్దీ చుట్టూ ఉన్న టైరు, రిమ్ము వేడి కూడా ఆ అంకెలో కలుస్తుంది కాబట్టి జానెడు దూరం నుంచే చూస్తాను. వేడెక్కిన చక్రమే చెడ్డదని తేల్చేయడానికీ వీల్లేదు. ఒక్కోసారి చల్లగా ఉన్నదే అసలు బ్రేకు పట్టకపోవచ్చు, అప్పుడు రెండోది దాని పనీ మోస్తుంటుంది. బేరింగు అరిగినా హబ్బు (చక్రం నడి భాగం) వేడెక్కుతుంది, అయితే దానికి తోడు గుర్రుమనే శబ్దం వస్తుంది.

నాలుగేళ్లలో రెండుసార్లు బ్యాటరీ మార్చాను. ట్రిగ్గర్ ప్లాస్టిక్ కొంచెం వదులైనా పని ఆగలేదు. డ్రమ్ము విప్పినప్పుడు లోపలి పొడిని నోటితో గాని గాలి గొట్టంతో గాని ఊదకండి. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, తడి గుడ్డతో తుడవండి.

ఇప్పుడు వానల్లో కారును రోజుల తరబడి నిలపాల్సి వస్తే సమతలం మీద గేరులో పెట్టి, చక్రాలకు రాళ్లు వేసి, హ్యాండ్ బ్రేక్ వదిలేస్తున్నాను. నెలకోసారి వెనుక చక్రాల అంకెలు ఒక చిన్న పుస్తకంలో రాస్తున్నాను. కిందటి ఆదివారం ఎడమ 49, కుడి 55 వచ్చాయి. ఆరు డిగ్రీల తేడా పెద్దది కాకపోయినా, ఈ వారం కుడి డ్రమ్ము ఒకసారి విప్పి చూస్తాను.