కాల్క్ ఒక్కటే చూసి వచ్చేయకండి: హార్పర్ క్రూ కుటుంబం ఆస్తుల వెంట ఒక ప్రయాణం

ఇంగ్లాండులోని డెర్బీషైర్ వెళ్తున్నామంటే ఎవరైనా చాట్స్‌వర్త్ చూడమనే చెప్తారు. అది డ్యూకుల భవనం, ఆ దర్జానే వేరు. నాకు మాత్రం వాళ్లకంటే కొన్ని మెట్లు కింద ఉండే భూస్వాముల సంగతి తెలుసుకోవాలని ఉండేది. పార్లమెంటులో ప్రభువుల సభలో కుర్చీ లేకపోయినా, చుట్టుపక్కల ఊళ్లన్నీ కౌలు కట్టేది వీళ్లకే. అలాంటివాళ్లలో హార్పర్ క్రూ కుటుంబం కథ మొదటి నుంచి చివరిదాకా కళ్లతో చూడొచ్చు. కాకపోతే మూడు చోట్లకి తిరగాలి. అందరూ వాళ్ల భవనం కాల్క్ అబ్బే ఒక్కటి చూసి తిరిగొచ్చేస్తారు.

మొదలుపెట్టాల్సింది స్వార్క్‌స్టన్‌లో. డెర్బీకి దక్షిణాన, ట్రెంట్ నది ఒడ్డున చిన్న ఊరు. ఇక్కడి చర్చిలో రిచర్డ్ హార్పర్, ఆయన భార్య జేన్ ఫిండర్న్ సమాధి ఉంది. ఆయన 16వ శతాబ్దంలో కామన్ ప్లీస్ అనే సివిల్ దావాల కోర్టులో జడ్జి. ఆ భార్యాభర్తల విగ్రహాలని పక్కపక్కనే పడుకోబెట్టినట్టు చెక్కారు. నిజం చెప్పాలంటే ఈ వంశానికి పునాది ఆవిడే. ఫిండర్న్ భూములు పుట్టింటి నుంచి తెచ్చింది ఆవిడ. లాయరు సంపాదన, వారసురాలితో పెళ్లి: ఇంగ్లాండులో ఇలాంటి కుటుంబాలు చాలావరకు పైకొచ్చింది ఈ దారినే. చర్చి ఎప్పుడూ తెరిచి ఉంటుందనుకోకండి, ముందే కనుక్కుని వెళ్లండి.

హార్పర్ల పాత భవనం 18వ శతాబ్దంలోనే పోయింది. పొలం మధ్యలో రెండు బురుజులతో ఒక పెవిలియన్ మాత్రం మిగిలింది. 1630ల మొదట్లో కట్టించారు, ముందున్న గోడల ఆవరణలో బౌల్స్ (పచ్చిక మీద బంతులు దొర్లించే ఆట) ఆడుకునేవాళ్లట. 1968లో రోలింగ్ స్టోన్స్ అనే రాక్ బ్యాండ్ వాళ్లు ఇక్కడ ఫొటోలు దిగారు. ఇప్పుడు పాత కట్టడాలని కాపాడే ల్యాండ్‌మార్క్ ట్రస్ట్ అనే సంస్థ దీన్ని అద్దెకిస్తుంది, ఇద్దరికే చోటు. బాత్‌రూమ్ ఒక బురుజు పైన ఉంటుంది. అక్కడికి వెళ్లాలంటే ఆరుబయట డాబా దాటాలి, వానైనా చలైనా అంతే. మా ఆవిడ మొదటి రాత్రి దుప్పటి కప్పుకుని వెళ్లొచ్చి, ఆ డాబా మీంచి కనిపించిన చుక్కల గురించి అరగంట చెప్పింది. పిల్లలతోనో పెద్దవాళ్లతోనో అయితే వద్దు. ఇద్దరే అయితే నెలల ముందే బుక్ చేసుకోండి.

అంతకుముందు మెల్‌బోర్న్ (ఆస్ట్రేలియాది కాదు, ఇక్కడి చిన్న ఊరు) వైపు ఒక గెస్ట్ హౌస్‌లో దిగాం. మంచం బాగుంది గానీ రాత్రి పదయ్యేసరికి హీటర్ ఆపేశారు. అడిగితే ఇంకో దుప్పటి ఇచ్చారు. ఆ డబ్బుకి డెర్బీలో ఏ మామూలు హోటల్ అయినా నయం.

ఇక కాల్క్. 1622లో హెన్రీ హార్పర్ దీన్ని కొన్నాడు, 1626లో బారోనెట్ బిరుదు వచ్చింది (ప్రభువుల కంటే కింద, కొడుక్కి సంక్రమించే బిరుదు). పేరుకి అబ్బే, అంటే మఠం అయినా అంతకుముందెప్పుడో ఇక్కడ సన్యాసుల మఠం ఉండేది, అంతే. ఇప్పుడు కనిపించే ఇల్లు నాలుగో బారోనెట్ సర్ జాన్ 1701–1704 మధ్య కట్టించింది. స్వార్క్‌స్టన్ శాఖ వాళ్లకి పిల్లల్లేక వాళ్ల భూములు కూడా ఈ శాఖకే వచ్చి కలిశాయి. ఆస్తి పంచకుండా పెద్దకొడుక్కే ఇవ్వడం మన విజయనగరం, బొబ్బిలి సంస్థానాల వాళ్లకీ తెలిసిన పద్ధతే. మన జమీందారీలు 1948 చట్టంతో పోయాయి. వీళ్లవి మాత్రం చావు తర్వాత కట్టాల్సిన పన్నులతో మెల్లమెల్లగా కరిగాయి.

ఏడో బారోనెట్ సర్ హెన్రీ 1792లో ఒక పనిమనిషిని పెళ్లి చేసుకుని, మనుషులకి దూరంగా బతికాడు. 1808లో క్రూ అని పేరు మార్చుకున్నది ఆయనే. నాలుగో బారోనెట్ భార్య క్రూ ప్రభువు కూతురు, ఆ బిరుదేదో తనకి వస్తుందని ఈయన ఆశ. పేరు మిగిలింది, బిరుదు రాలేదు.

పదో బారోనెట్ సర్ వాన్సీ ఇంకో రకం. పిట్టలు, సీతాకోకచిలుకలు, గుడ్లు, ఏది దొరికితే అది పోగేశాడు. ఎస్టేటులోకి మోటారు కారు రానిచ్చేవాడు కాదు. అదే ఇంట్లో ఉన్న పిల్లలతో ఉత్తరాల ద్వారా మాట్లాడేవాడని చెప్తారు. సిగరెట్ తాగిందని కూతుర్ని ఇంట్లోంచి పంపేశాడు. ఆయన కొడుకు ముందే పోవడంతో 1924లో బిరుదు ఆయనతోనే ఆగిపోయింది. ఇంట్లోకి కరెంటు వచ్చింది 1962లో!

లోపల పొడుగు కొమ్ముల పశువుల తలలు, అద్దాల పెట్టెల్లో పిట్టలు, గోడల నిండా అంటించిన కార్టూన్లు. పైకెళ్లేకొద్దీ గదులు పాడుబడి ఉంటాయి. వాల్‌పేపర్ ఊడి వేలాడుతుంది, రంగు పెచ్చులు పెచ్చులుగా లేచింది. ఇప్పుడు ఈ ఇంటిని చూసుకునే నేషనల్ ట్రస్ట్ (పాత భవనాలని కాపాడే సంస్థ) కావాలనే బాగుచెయ్యలేదు. ఇంకా పాడవకుండా ఆపారు, అంతే. మా వెనక ఎవరో “డబ్బులిచ్చి పాతసామాన్ల గది చూడాలా” అని విసుక్కున్నారు. ఆ మాటలో కొంత నిజముంది. ఒక్క వస్తువు దగ్గర మాత్రం నోరెళ్లబెట్టాను: చైనా పట్టు తెరల మంచం. 1734లో ఐదో బారోనెట్‌కి పెళ్లయినప్పుడు రాజకుటుంబం నుంచి వచ్చిందని భావిస్తున్నారు. పెట్టెలోంచి తీసి బిగించనే లేదు. వెలుతురు తగల్లేదు కాబట్టి రంగులు నిన్న కుట్టినట్టున్నాయి. అద్దం వెనక మసక వెలుతుర్లో చూడాలి. పట్టు మీద అల్లిన పిట్టలు, ఆ దారాల మెరుపు కంటికి ఆనాలంటే కాసేపు నిలబడాల్సిందే, తోసుకుంటూ వెళ్లకండి.

టికెట్‌కి టైం స్లాట్ ఉండొచ్చు, ముందే చూసుకోండి. పార్కు పెద్దది, జింకలున్నాయి, వెయ్యేళ్లు దాటిన ఓక్ చెట్టు ఉంది. టీ, స్కోన్ బాగున్నాయి. వాలంటీర్లు మంచివాళ్లు, అడిగితే ఓపిగ్గా చెప్తారు. కారు లేకపోతే ఇక్కడికి రావడం కష్టం.

1981లో అప్పటి ఇంటి యజమాని చార్లెస్ హార్పర్ క్రూ హఠాత్తుగా పోయాడు. సుమారు 1.4 కోట్ల పౌండ్ల ఆస్తి మీద 80 లక్షల పౌండ్ల పన్ను పడింది. తమ్ముడు హెన్రీ ఇంటిని 1985లో నేషనల్ ట్రస్ట్‌కి అప్పగించాడు. గైడ్లు కథ ఇక్కడితో ఆపేస్తారు. అసలు ఈ ఇల్లు అన్నాళ్లు నడిచింది దేని మీద అని అడిగితే జవాబు ఇంకో చోట ఉంది.

స్టాఫర్డ్‌షైర్ ఉత్తరాన లాంగ్నర్ అనే ఊరుంది, బక్స్‌టన్‌కి దగ్గర. చుట్టూ గాలి కొట్టే బోడి కొండలు, గొర్రెలు, రాతి గోడలు. ఇవి ఒకప్పుడు హార్పర్ క్రూల కౌలు పొలాలు. వార్స్‌లో అనే ఊరి దగ్గర వేటకి కట్టించుకున్న బంగళా కూడా వాళ్లదే. చౌకులో 1873 నాటి మార్కెట్ హాల్ గుమ్మం పైన సంత రుసుముల పట్టిక ఇంకా అలాగే ఉంది. సంతకి తెచ్చిన దానికి ఎవరెంత కట్టాలో వరసగా రాశారు. కాల్క్‌లో ఎన్ని గదులు తిరిగినా అర్థంకానిది ఈ ఒక్క పలక దగ్గర అర్థమైంది. అక్కడి అద్దాల పెట్టెలకి డబ్బు ఇక్కడి నుంచి వెళ్లింది. చౌకులో పాత సత్రం పేరు, స్వార్క్‌స్టన్ వంతెన దగ్గర పబ్బు పేరు ఒకటే: క్రూ అండ్ హార్పర్. ఈ కొండ భూముల్లో పెద్ద భాగం కూడా పన్ను కిందే పోయి, 1986లో పీక్ డిస్ట్రిక్ట్ నేషనల్ పార్క్ చేతికి వచ్చింది. అంటే ఆ చావు పన్ను ఇంటినీ మింగింది, ఇంటిని పోషించిన పొలాన్నీ మింగింది. విచిత్రం ఏంటంటే ఆ రెండింటిలోనూ ఇప్పుడు ఎవరైనా తిరగొచ్చు.

కాల్క్ నుంచి లాంగ్నర్‌కి గంటన్నర డ్రైవ్ అనుకోండి, చివర్లో రోడ్లు ఇరుకు, ట్రాక్టర్ అడ్డొస్తే ఆగాల్సిందే. అక్కడ రాత్రి ఉండాలంటే బక్స్‌టన్‌లో రూమ్ తీసుకోవడం మేలు. సాయంత్రం తిండి దొరకడం కష్టమే, ఏదైనా వెంట తీసుకెళ్లండి. టైం తక్కువుంటే కాల్క్ తోటలు వదిలేసినా ఫర్వాలేదు, లాంగ్నర్ మాత్రం వదలకండి.