ఇగ్నోలో ఎమ్మే పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్: కోనసీమలో ఉద్యోగం చేసుకుంటూ చదివిన నా రివ్యూ

డిగ్రీ అయిపోయి సచివాలయంలోనో ప్రైవేటు స్కూల్లోనో కుదురుకున్నవాళ్ళు మా వైపు చాలామంది అడుగుతున్నారండి, దూరవిద్యలో పీజీ చేస్తే పనికొస్తుందా, ఇంటర్వ్యూల్లో చిన్నచూపు చూస్తారా అని. అందరికీ ఒకేచోట చెప్పేద్దామని రాస్తున్నా. నేను గ్రామ సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్‌ని, డ్యూటీ గోదావరి మధ్య దీవుల్లా ఉండే లంక గ్రామాల్లో, ఉద్యోగం చేస్తూనే ఇగ్నోలో, అంటే ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో, దూరవిద్యగా ఎమ్మే పూర్తిచేశా. మనం రోజూ చేసే పనికి దగ్గరగా ఉన్న సబ్జెక్టు తీసుకుని, అసైన్‌మెంట్లు మనమే కూర్చుని రాస్తే మాత్రం ఇది చాలా మంచి చదువు.

ముందు పుస్తకాల గురించి. వీటిని బ్లాకులు అంటారు, పక్కన నోట్స్ రాసుకోడానికి వెడల్పుగా మార్జిన్ వదిలి ఉంటుంది, నా బ్లాకుల్లో ఆ మార్జిన్లన్నీ పెన్సిల్ రాతలే. క్లాసులో లెక్చరర్ చెప్పినట్టు మెల్లగా విడమర్చి చెప్తాయి కాబట్టి పక్కన ఎవరూ లేకపోయినా అర్థమవుతాయి. ఇగ్నో వాళ్ళ ఈజ్ఞాన్‌కోశ్ సైట్లో ఇవే పీడీఎఫ్‌లు ఉచితంగా ఉన్నాయి, చేరకముందే ఒక యూనిట్ దించుకుని చదివి చూడండి, మీకు పడుతుందో లేదో అప్పుడే తెలిసిపోతుంది. నేను రేవులో పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) కోసం ఎదురుచూస్తూ ఫోన్లోనే బోలెడు చదివా. ఈ కోర్సు ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంది, తెలుగు మీడియంలో లేదు. తెలుగులో డిగ్రీ చేసినవాళ్ళకి మొదటి రెండు మూడు నెలలు కష్టంగానే ఉంటుంది, రోజుకి నాలుగు పేజీలైనా వదలకుండా చదివితే దారిలో పడతారు.

రెండో ఏడాదిలో స్థానిక పాలన మీద ఒక పేపర్, విపత్తు నిర్వహణ మీద ఒక పేపర్ ఉంటాయి, నాకు ఈ కోర్సు మొత్తానికి ఈ రెండే ప్రాణం. పంచాయతీల గురించిన 73వ రాజ్యాంగ సవరణ అని పరీక్షలకి బట్టీ పట్టడం వేరు, పంచాయతీకి ఏ అధికారం కాగితం మీద ఉంది ఏది నిజంగా చేతిలో ఉంది అని మన ఊరి గ్రామసభలో కూర్చుని ఆలోచించడం వేరు. ఇక విపత్తులంటారా, ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని మా లంకల్లో చిన్నపిల్లలు కూడా చెప్తారు. 2022 జులైలో వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు చేసిన డ్యూటీ నాకింకా కళ్ళకి కట్టినట్టుంది, బియ్యం, మంచినీళ్ళ ప్యాకెట్లు పంచడంతోనే పొద్దు గడిచిపోయేది. వరదొచ్చాక చేసేదానికంటే ముందు సిద్ధం చేసి పెట్టుకునేదే ఎక్కువ అని ఈ పేపర్ చదివాకే నాకు బాగా ఎక్కింది. ఎవరికి ముప్పు ఎక్కువ, ఎందుకు ఎక్కువ అనే ప్రశ్నకి అసైన్‌మెంట్‌లో మా లంకనే ఉదాహరణగా రాశా: మంచం పట్టిన పెద్దవాళ్ళు ఏ ఇంట్లో ఉన్నారు, నెలలు నిండిన ఆడపిల్ల ఎవరింట్లో ఉంది, పశువుల్ని ఏ గట్టు మీదకి తోలాలి, ఎవరి పడవ ఎక్కడ కట్టి ఉంటుంది. అదే ఇప్పుడు మా సచివాలయంలో లిస్టుగా రాసి పెట్టుకున్నాం, ఏటా ఎండాకాలంలో సరిచూసుకుంటాం.

అందుకే చెప్తున్నా, అసైన్‌మెంట్లు కొనొద్దు. రాసిపెట్టేసినవి అమ్మేవాళ్ళు వాట్సాప్‌లో బోలెడుమంది. అసైన్‌మెంట్లకి 30 శాతం, పరీక్షకి 70 శాతం వెయిటేజీ, రెండింట్లోనూ విడివిడిగా 40 శాతం రావాలి, సొంతంగా రాసినవాడికి పరీక్ష హాల్లో చెయ్యి దానంతటదే నడుస్తుంది. రెండేళ్ళ కోర్సుకి నాలుగేళ్ళ వరకు టైముంది, ఒక్కోసారి రెండేసి పేపర్లు రాసుకున్నా నడుస్తుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. మా దగ్గర టౌన్లో ఒక ఆఫీసులో రెండేళ్ళ పీజీ ఏడాదిలో ఇప్పిస్తాం, పరీక్ష సంగతి మాకొదిలేయండి అని మా బాబాయి కొడుకు దగ్గర డబ్బు కట్టించుకున్నారు, అది పోయినట్టే. దూరవిద్య కోర్సులు ఫ్రాంచైజీలకి ఇవ్వకూడదని యూజీసీ (యూనివర్సిటీలని పర్యవేక్షించే కేంద్ర సంస్థ) రూలే ఉంది, వేరే రాష్ట్రం స్టేట్ యూనివర్సిటీ ఇక్కడ సెంటర్ పెట్టి దూరవిద్య నడపడానికీ లేదు. ఎవరికైనా రూపాయి కట్టేముందు యూజీసీ వాళ్ళ దూరవిద్య విభాగం, డెబ్ (DEB) సైట్లో ఆ యూనివర్సిటీకి, ఆ కోర్సుకి, ఈ ఏడాదికి అనుమతి ఉందో లేదో చూసుకోండి. ఆంధ్రా యూనివర్సిటీ 1972 నుంచి దూరవిద్య నడుపుతోంది, దాన్నయినా సరే ఇలాగే చూసుకుని చేరండి. అనుమతి ఉన్న కోర్సయితే ఆ డిగ్రీ రెగ్యులర్‌తో సమానం, జనరల్ వాళ్ళు 55 శాతం, బీసీ, ఎస్సీ, ఎస్టీ వాళ్ళు 50 శాతం తెచ్చుకుంటే లెక్చరర్ అర్హత పరీక్ష నెట్ కూడా రాసుకోవచ్చు. పీహెచ్‌డీ మాత్రం దూరవిద్యలో లేదు, ఇస్తామన్నవాళ్ళని నమ్మొద్దు.

నా రేటింగ్ 5కి 4, తెలుగు మీడియం ఉంటే 5 ఇచ్చేవాణ్ణి. వరద డ్యూటీలు పడే ఉద్యోగమైతే జులై సెషన్లో చేరండి. వరదలు మొదట్లోనే అయిపోతాయి, పరీక్షలు వచ్చే జూన్‌లో ఉంటాయి, మధ్యలో చదువుకోడానికి చలికాలం మొత్తం దొరుకుతుంది. జనవరిలో చేరితే పరీక్షలు డిసెంబర్‌కి పడతాయి, సరిగ్గా చదవాల్సిన అక్టోబర్, నవంబర్‌లో మనకి తుపాన్ల డ్యూటీలు.