మా గోడౌన్‌కి రిటైర్డ్ కల్నల్ గారి కన్సల్టింగ్: 3 నెలల తర్వాత నా రివ్యూ

ఆర్మీలో సప్లై వైపు పనిచేసి రిటైరైన కల్నల్ గారొకరు ఇప్పుడు లాజిస్టిక్స్ కన్సల్టింగ్ చేస్తున్నారు, మా స్పేర్ పార్ట్స్ గోడౌన్‌కి 3 నెలలు ఆయన్ని పెట్టుకున్నాం. మిలిటరీ ఆయనకి మన వ్యాపారం ఏం అర్థమవుతుందిలే అని ఆగిపోయినవాళ్ళ కోసం రాస్తున్నా, ఎందుకంటే నేనూ మొదట అలాగే ఆగాను.

అంతకుముందు ఒక కన్సల్టెన్సీ వాళ్ళొచ్చి రెండు వారాలు మీటింగ్ రూమ్‌లోనే కూర్చుని స్లైడ్లు చూపించి కొత్త సాఫ్ట్‌వేర్ కొనమన్నారు, కొన్నాం, అయినా కంప్యూటర్లో ఉన్న సరుకు ర్యాక్‌లో ఉండదు, రోజూ అదే గొడవ.

ఈయన మొదటి రోజు పొద్దున్న 6కే వచ్చి ఆఫీసులోకి అడుగు పెట్టకుండా నేరుగా సరుకు దించే చోట నిలబడ్డారు. చేతిలో చిన్న పుస్తకం. బండి గేటు దగ్గరికొచ్చిన టైమ్, డాక్‌కి ఆనిన టైమ్, ఆఖరి పెట్టె దిగిన టైమ్, ఆఖరి పెట్టె ర్యాక్ ఎక్కిన టైమ్, ఈ నాలుగే రాసుకున్నారు. సాయంత్రం ఆ పేజీ చూస్తే నాకు నోట మాట రాలేదు. దించడానికి పట్టింది 40 నిమిషాలు, బిల్లుకీ సరుక్కీ లెక్క కుదరక పెట్టెలు కిందే పడున్నది 5 గంటలు! నేనేమో ఇన్నాళ్ళూ మనుషులు చాలట్లేదనుకుంటున్నా.

మర్నాడు మూలన పేరుకుపోయిన, లేబుల్ లేని అట్టపెట్టెలు విప్పించారు. మూడోదాంట్లో ఆయిల్ సీల్స్. ముందు వారమే స్టాక్ లేదని ఎక్కువ రేటు పెట్టి అర్జెంటుగా తెప్పించినవి, సరిగ్గా అదే సైజు. పెట్టె మీద దుమ్ము అరచేత్తో తుడిచి "ఎక్కడుందో తెలియని సరుకు లేనట్టే లెక్క బాబూ" అన్నారు. 1990-91 గల్ఫ్ యుద్ధానికి అమెరికా ఆర్మీ సుమారు 40,000 కంటైనర్లు పంపితే లోపలేముందో తెలియక సగానికి పైగా అక్కడే విప్పి చూడాల్సొచ్చింది, ఆ దెబ్బతోనే తర్వాత కంటైనర్లకి ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు (పెట్టె విప్పకుండానే రేడియో తరంగాలతో వివరాలు చదవగలిగే చీటీలు) పెట్టడం మొదలెట్టారు. అంత పెద్ద ఆర్మీకే ఆ తిప్పలు వచ్చాయంటే నాకు కాస్త ధైర్యమొచ్చింది.

ఆ యుద్ధంలో అమెరికా ఆర్మీ సప్లై నడిపిన జనరల్ పగోనిస్ 1993లో రిటైరై సియర్స్ అనే అమెరికా రిటైల్ దుకాణాల కంపెనీలో లాజిస్టిక్స్ హెడ్‌గా చేరాడు. కింది వాళ్ళ దగ్గర్నుంచి సంగతులు 3 అంగుళాలకి 5 అంగుళాలుండే చిన్న కార్డు మీద రాయించి తెప్పించుకునేవాడు, మీటింగులు నిలబడే పెట్టేవాడు. కల్నల్ గారు ఆ రెండూ మా దగ్గర పెట్టించారు. రోజూ సెక్షన్‌కి ఒక కార్డు, దానిమీద ఒకే సమస్య. మీటింగుల్లో నోరెత్తని ప్యాకింగ్ అమ్మాయి కార్డు మీద రాసింది, రెండు బేరింగులకి నంబర్లో ఒక్క అక్షరమే తేడా, పక్కపక్కనే ఉన్నాయి, అందుకే తప్పు సరుకు పోతోందని. ఆ రోజే విడదీశాం. ఏడాదికోసారి అంతా మూసి లెక్కపెట్టే పద్ధతి మానేసి రోజూ కొన్ని ర్యాకులు లెక్కపెడుతున్నాం. ఇప్పుడు ఆ 5 గంటలు గంటన్నరకొచ్చింది.

నచ్చనివి కూడా చెప్పాలి. ప్రతిదీ ఎక్కువ స్టాక్ పెట్టమంటారు. యుద్ధంలో సరుకు అయిపోతే ప్రాణాలు పోతాయి కాబట్టి ఆ అలవాటు, మాకైతే డబ్బంతా ర్యాకుల్లో ఇరుక్కుపోతుంది. దీనిమీద మా అకౌంట్స్ ఆయనకీ ఈయనకీ గట్టిగానే పడింది, చివరికి ఏ పార్ట్ లేకపోతే కస్టమర్ మెషిన్ ఆగిపోతుందో వాటికి మాత్రమే ఎక్కువ ఉంచుదామని తేలింది. ఇంకోటి, మొదటి వారం అందరి ముందు మా స్టోర్ కీపర్ అన్నని గట్టిగా మందలించారు, ఆయన రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. నేను విడిగా చెప్తే విని, కల్నల్ గారే వెళ్ళి ఆయన పక్కన కూర్చుని మాట్లాడొచ్చారు, అది నాకు చాలా నచ్చింది.

కస్టమర్లు వెనక్కి పంపే సరుకు విషయంలో మాత్రం ఆయన దగ్గర సరైన దారి దొరకలేదు, దానికి వేరే మనిషిని వెతుకుతున్నాం. గోడౌన్ లెక్కలకైతే వచ్చే ఏడాది మళ్ళీ ఆయన్నే పిలుస్తా.