కారవాన్ చక్రానికి తాళం: కోనిస్టన్, గ్లెన్‌కో, యార్క్ మజిలీలు

బ్రిటన్‌లో కారవాన్‌కి, అంటే కారు వెనక తగిలించి లాగే ఇంటి బండికి, సొంత రిజిస్ట్రేషన్ నంబర్ ఉండదు. ఏ కారు లాగితే ఆ కారు నంబరే ప్లేటు మీద వేయించి వెనక తగిలించుకోవాలి. కారవాన్‌ని తగిలించడానికి కారు వెనక ఉండే గుండు, టో బాల్, సైజు కూడా అందరిదీ ఒకటే, 50 మిల్లీమీటర్లు. అంటే మన కారవాన్‌ని ఎవరైనా తమ కారుకి తగిలించి, తమ నంబర్ పెట్టుకొని, మోటర్‌వే మీద మన పక్కనుంచే వెళ్లిపోయినా ఎవరికీ అనుమానం రాదు. 1992లో క్రిస్ అనే నమోదు పద్ధతి వచ్చింది. 17 అక్షరాల గుర్తింపు సంఖ్యని కిటికీ అద్దాల మీద చెక్కుతారు. పోయిన బండి ఎక్కడైనా దొరికితే అది మనదేనని చూపించుకోవడానికి ఆ సంఖ్య ఉపయోగం. అసలు పోకుండా ఉండాలంటే చక్రం తిరగకుండా చేయాలి.

ఈ వేసవిలో మేం బర్మింగ్‌హామ్ వైపు నుంచి బయల్దేరి లేక్ డిస్ట్రిక్ట్, స్కాట్లండ్ పడమటి తీరం చూసుకొని యార్క్ మీదుగా తిరిగొచ్చాం. మా వారు, పిల్లలు, ఒంగోలు నుంచి వచ్చిన మావయ్యగారు, నేను. డ్రైవింగ్ మా వారిది, తాళాలు నావి. స్నానాల గదులు, నీళ్ల కుళాయిలు, దృశ్యాల గురించి అందరూ రాస్తారు, నేనూ రాస్తాను. కానీ ప్రతి మజిలీనీ ఇంకో ప్రశ్నతో కూడా చూశాను. ఇక్కడ వీల్ లాక్ వేయడం ఎంత సులువు? సులువుగా పడే చోట ఎంత అలసిపోయి వచ్చినా వేస్తాం. ముప్పావుగంట కుస్తీ పట్టాల్సిన చోట, అదీ వానలో, పిల్లలు ఆకలని గోల చేస్తుంటే, రేపు చూద్దాంలే అనిపిస్తుంది. దొంగకి కావలసింది ఆ ఒక్క రాత్రే.

కొత్తగా కారవాన్ కొనాలనుకునే మనవాళ్ల కోసం ఒక మాట. 1997 తర్వాత లైసెన్స్ తీసుకున్నవాళ్లు బరువైన కారవాన్ లాగాలంటే ఒకప్పుడు ఇంకో పరీక్ష పాసవ్వాల్సి వచ్చేది. 2021 డిసెంబర్ 16 నుంచి ఆ అవసరం పోయింది, మామూలు కారు లైసెన్స్ మీదే 3,500 కిలోల దాకా లాగొచ్చు. కారు సామర్థ్యం ఎంతో విడిగా చూసుకోవాలి. మోటర్‌వే మీద గంటకి 60 మైళ్లు దాటకూడదు, మూడు లేన్ల చోట కుడివైపు చివరి లేన్‌లోకి వెళ్లకూడదు.

తాళాల్లో ముఖ్యంగా రెండు రకాలు చూశాను. మొదటిది చక్రాన్ని బయటనుంచి పట్టేసే క్లాంప్. టైరు చుట్టూ చేతులు వేసి, మధ్యలో ఒక పళ్లెం వీల్ బోల్టుల్ని కప్పేస్తుంది. చక్రం ఏ స్థితిలో ఆగినా వేయొచ్చు, నిమిషాల్లో అయిపోతుంది. కానీ వదులుగా పడితే ఉపయోగం లేదు. టైరులో గాలి తీసేసి లాగేస్తారు. బోల్టులు కప్పని క్లాంప్ అయితే మొత్తం చక్రమే విప్పి, తెచ్చుకున్న ఇంకో చక్రం బిగించుకొని పోతారు. రెండోది ఆల్‌కో కంపెనీ ఛాసిస్ (బండి కింది ఇనప చట్రం) ఉన్న బళ్లకి వేసేది. చక్రం వెనక ఛాసిస్‌కి బిగించిన ఒక రిసీవర్ ఉంటుంది. అల్లాయ్ చక్రం చువ్వల మధ్యనుంచి తాళాన్ని దూర్చి, ఆ రిసీవర్‌లోకి బోల్టుతో బిగించి, పైన తాళంచెవితో వేస్తాం. చక్రం తిరగదు, ఊడిరాదు. బలం విషయంలో నా ఓటు దీనికే. చిక్కల్లా చువ్వల మధ్య ఖాళీ సరిగ్గా రిసీవర్ ఎదురుగా వచ్చి ఆగాలి. చక్రం డిజైన్‌ని బట్టి తాళం కూడా మారుతుంది కాబట్టి కొనేముందు మన చక్రానికి ఏ కిట్ సరిపోతుందో చూసుకోవాలి. రెండు ఇరుసుల కారవాన్ అయితే పక్కపక్క చక్రాలు రెండూ ఒకేసారి కుదరాలి, అది ఇంకా కష్టం. ఏ తాళం కొన్నా, తాళాల్ని పరీక్షించే సోల్డ్ సెక్యూర్ సంస్థ ఇచ్చిన గ్రేడ్ చూడండి. బ్రాంజ్, సిల్వర్, గోల్డ్, డైమండ్ అని ఉంటాయి. ఇన్సూరెన్స్ వాళ్లు ఏది అడుగుతున్నారో పాలసీలో ఉంటుంది, వీల్ లాక్‌తో పాటు హిచ్ లాక్ (కారవాన్‌ని కారుకి తగిలించే చోట వేసే తాళం) కూడా ఉండాలనే షరతు మామూలే.

మేం రెండు రకాలూ తీసుకెళ్లాం. రాత్రి మజిలీలకి ఆల్‌కో తాళం, దారిలో గంటో రెండు గంటలో ఆగడానికి క్లాంప్. బరువు పెరుగుతుంది నిజమే. అందుకే రెండూ ఇరుసుకి దగ్గరగా, నేల మీద పెట్టాం.

మొదట ఆగింది బర్మింగ్‌హామ్ దగ్గరున్న టివిడేల్ బాలాజీ గుడి దగ్గర. 2006లో మొదలైన ఈ గుడి తిరుమల నమూనాలో కట్టింది. మావయ్యగారు దండం పెట్టుకోకుండా ప్రయాణం మొదలుపెట్టనన్నారు. వారం మధ్యలో వెళ్లాం, కారవాన్‌తో వస్తున్నామని ముందే ఫోన్ చేసి చెప్పాం. కారుకి తగిలించి ఉన్నప్పుడు కూడా హిచ్ లాక్ వేయొచ్చు, అది వేసి, చక్రానికి క్లాంప్ పెట్టి లోపలికి వెళ్లాం. "అమ్మాయ్, దేవుడి గుమ్మంలో కూడానా?" అన్నారు మావయ్యగారు. తిరుపతిలో చెప్పులు ఎక్కడ పెట్టాలో మనందరం ఎంత ఆలోచిస్తామో గుర్తుచేశాను. నవ్వేసి ముందుకు నడిచారు.

లేక్ డిస్ట్రిక్ట్‌లోని కోనిస్టన్‌లో పార్క్ కాపిస్ అనే కారవాన్ అండ్ మోటర్‌హోమ్ క్లబ్ సైట్‌లో దిగాం. ఈ క్లబ్ 1907 నాటిది. సైట్ చెట్ల మధ్య ఉంటుంది, సరస్సుకి నడిచి వెళ్లొచ్చు. కారవాన్‌తో వచ్చేవాళ్లు దక్షిణం నుంచి టోర్వర్ మీదుగా రావడం మంచిది. హార్డ్‌నాట్, రైనోజ్ కనుమల వైపు నావిగేషన్ దారి చూపించినా వెళ్లకండి, హార్డ్‌నాట్‌లో కొన్నిచోట్ల మూడడుగులకి ఒక అడుగు ఎత్తు పెరుగుతుంది.

ఇక్కడే తాళం కథంతా అర్థమవుతుంది. క్లబ్ సైట్లలో ప్రతి పిచ్‌కి, అంటే ఒక కారవాన్ నిలిపే చోటుకి, ఒక మూల చిన్న గూటం ఉంటుంది, కారవాన్ వెనక మూల దాని దగ్గరికి రావాలి. రెండు కారవాన్ల మధ్య 6 మీటర్లు ఉండాలన్న అగ్నిప్రమాద జాగ్రత్త అందులో ఉంది. అంటే మూడు పనులు ఒకేసారి కుదరాలి. మూల గూటం దగ్గరికి రావాలి, బండి మట్టంగా ఉండాలి, చక్రంలో ఖాళీ రిసీవర్‌కి ఎదురుగా రావాలి. లెక్క వేస్తే ఇది అనుకున్నంత భయంకరం కాదు. మా చక్రానికి అయిదు చువ్వలు, చుట్టుకొలత సుమారు 2 మీటర్లు. 40 సెంటీమీటర్లకి ఒకసారి ఖాళీ వస్తుంది, కాబట్టి ముందుకో వెనక్కో 20 సెంటీమీటర్లకి మించి జరగక్కర్లేదు. ఆ జానెడు గూటం దగ్గర సర్దుకుంటే చాలు. సైట్ చూసుకునే వార్డెన్ ఆవిడ కూడా అంతవరకు పర్వాలేదన్నారు.

అసలు తంటా మట్టం దగ్గర వస్తుంది. ర్యాంపు మీద చక్రం ఎక్కించి పక్కమట్టం సరిచేశాక, తాళం కోసం జానెడు జరిపితే మట్టం పోతుంది. దీనికి మా దగ్గరున్న విరుగుడు గాలి సంచి. సమతలంగా ఉన్నచోటే ముందు చక్రాన్ని రిసీవర్‌కి కుదిర్చి, తాళం వేసి, తర్వాత చక్రం కింద సంచిలో గాలి నింపి ఎత్తుతాం. చక్రం తిరగదు కాబట్టి తాళం అలాగే ఉంటుంది. సంచి లేనివాళ్లు జాక్‌తో ఆ వైపు లేపి చక్రాన్ని చేత్తో తిప్పి కుదురుస్తారు. అలా చేస్తే కారు తగిలించే ఉంచాలి, అవతలి చక్రానికి ముందూ వెనకా అడ్డు పెట్టాలి, జాక్ పెట్టాల్సిన చోటే పెట్టాలి. మూవర్ (కారవాన్ చక్రాల్ని తిప్పే మోటారు) ఉన్నవాళ్లకి ఇంకా హాయి, రిమోట్ పట్టుకొని అంగుళం అంగుళం జరుపుకోవచ్చు. మా పక్క పిచ్‌లో ఒక పెద్దాయన మూవర్‌తో మేం టీ పెట్టుకునేలోపే మొత్తం ముగించారు. వచ్చే ఏడు మా ఖర్చుల పట్టికలో మొదటిది అదే.

కోనిస్టన్ నుంచి ఎం6 ఎక్కి ఉత్తరానికి పోతుంటే టెబే సర్వీసెస్ వస్తుంది, మోటర్‌వే పక్కన తిండికీ విశ్రాంతికీ ఆగే చోటు. 1972లో మొదలైంది, ఒక స్థానిక కుటుంబానిది. మోటర్‌వే మీద నేను మళ్లీ మళ్లీ ఆగాలనుకునే చోటు ఇదొక్కటే. చెరువులో బాతులు, చుట్టూ కొండలు, లోపల రైతుల సరుకు అమ్మే దుకాణం. ధరలు ఎక్కువే, కానీ మా పిల్లలు తిన్న ఆపిల్ పై గురించి ఇప్పటికీ చెప్తున్నారు. కారవాన్లకి వేరుగా చోటుంది, వచ్చేపోయేవాళ్లకి కనిపిస్తూ ఉంటుంది. మరోచోట ఒక సర్వీసెస్‌లో మాత్రం కారవాన్లని లారీల వెనక, ఎవరికీ కనిపించని మూలకి పంపించారు. అక్కడ క్లాంప్ వేసి కూడా ఒకరం బండిలోనే ఉండి వంతులవారీగా తినొచ్చాం. సర్వీసెస్‌లో హిచ్ లాక్ ఒక్కటే చాలదు. తాళం కారుకీ కారవాన్‌కీ మధ్య ఉంటుంది, కారే పోతే రెండూ పోతాయి.

స్కాట్లండ్ సరిహద్దు దాటాక సోల్వే తీరానికి దగ్గర్లో ఒక రైతు పొలంలో ఆగాం. క్లబ్ అనుమతి ఉన్న ఇలాంటి చోట్ల అయిదు కారవాన్లకి మించి ఉండకూడదు, సభ్యులకే ఇస్తారు. క్లబ్ సైట్‌తో పోలిస్తే ఖర్చు సగం కన్నా తక్కువ పడింది. ఆవులు, పచ్చిక, నిశ్శబ్దం, ఒక కుళాయి. మావయ్యగారికి అన్నిటికన్నా నచ్చింది ఈ చోటే, పొద్దున్నే రైతుతో పశువుల మేత గురించి సైగలతో చాలాసేపు మాట్లాడారు. కానీ గేటు లేదు, వార్డెన్ లేడు, పొలం రోడ్డుకి ఆనుకొని ఉంది. పగలంతా కారు వేసుకొని తిరగడానికి వెళ్తే కారవాన్ ఒంటరిగా ఉంటుంది. గడ్డినేల మెత్తగా ఉండటంతో గాలి సంచి కింద చెక్క పలక వేయాల్సి వచ్చింది. ఇలాంటి చోట వీల్ లాక్ వేయకుండా ఊళ్లోకి వెళ్లమని ఎవరికీ చెప్పను. చవకగా వచ్చిన మజిలీలోనే తాళం మీద ఎక్కువ శ్రమ పడాలి.

లోమండ్ సరస్సు పక్కన ఏ82 రోడ్డు టార్‌బెట్ దాటాక సన్నగా ఉంటుంది, ఎదురుగా బస్సు వస్తే ఊపిరి బిగబట్టాల్సిందే. ఆ టెన్షన్ అంతా గ్లెన్‌కో లోయలోకి దిగగానే మర్చిపోతారు. మేం దిగింది బన్రీ క్లబ్ సైట్. లినీ అనే సముద్రపు పాయ ఒడ్డునే పిచ్‌లు, నీళ్లకి అవతల కొండలు. కంకర పరిచిన పిచ్‌లు దాదాపు మట్టంగా ఉండటంతో తాళం మొదటి ప్రయత్నంలోనే పడింది. మొత్తం యాత్రలో దృశ్యానికీ, తాళానికీ, స్నానాల గదుల శుభ్రతకీ ఒకేసారి పూర్తి మార్కులు ఇచ్చింది ఈ ఒక్క సైట్‌కే. చిన్న పురుగులు, అక్కడివాళ్లు మిడ్జెస్ అంటారు, సాయంత్రం గాలి లేకపోతే కుట్టి చంపుతాయి. సాంబారు బయట కాచుకుందామనుకుంటే వల టోపీలు తెచ్చుకోండి.

ఇక్కణ్ణుంచి రోజంతా కారులో తిరిగాం. బెన్ నెవిస్ కొండ కింద ఫోర్ట్ విలియం ఊరు, అక్కణ్ణుంచి 21 కమానుల గ్లెన్‌ఫినన్ రైలు వంతెన. ఆవిరి ఇంజన్ వంతెన దాటేదాకా కొండ మీద నిలబడ్డాం, వెనక బండి ఎలా ఉందోనన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు. ఉప్పుగాలి మాత్రం తాళంచెవి దూరే భాగానికి పడదు. ప్రతి సాయంత్రం తడిగుడ్డతో తుడిచి, మూత బిగించి, సిలికాన్ స్ప్రే కొంచెం కొట్టేదాన్ని. గ్రీజు పూస్తే ఇసుక పట్టేసి తాళంచెవి తిరగదు.

బయల్దేరే రోజు తాళం తీయడం మర్చిపోయి కారు కదిపితే చక్రం, బ్రేకు, ఛాసిస్ అన్నీ దెబ్బతింటాయి. మా ఇంట్లో పద్ధతి ఏమిటంటే తాళం వేయగానే కారు స్టీరింగ్‌కి ఎర్ర గుడ్డ కట్టాలి, తీశాకే విప్పాలి. ఆ పని మా చిన్నదానికి అప్పగించాం, ఒక్కరోజు కూడా తప్పలేదు. రెండో తాళంచెవి కారవాన్‌లో పెట్టకండి. దొంగతనం జరిగితే రెండు తాళంచెవులూ చూపించమని అడిగే ఇన్సూరెన్స్ కంపెనీలున్నాయి.

యార్క్‌లో రౌంట్రీ పార్క్ సైట్ ఊజ్ నది పక్కనే, ఊరి నడిబొడ్డుకి నడిచి వెళ్లేంత దగ్గర. మిన్‌స్టర్ చర్చి, పైసా తీసుకోని రైల్వే మ్యూజియం రెండూ కారు తీయకుండా చూశాం. ఊరి మధ్యలో కాబట్టి భయపడ్డాం కానీ గేటు, వార్డెన్లు, ఒకరికొకరు కనిపించేలా పిచ్‌లు ఉండటంతో పొలం మజిలీ కన్నా ఇక్కడే నిశ్చింతగా నిద్రపట్టింది. సెలవుల్లో చోటు దొరకదు, నెలల ముందే బుక్ చేయాలి. చలికాలపు వరదల్లో నది పొంగితే సైట్ ఖాళీ చేయిస్తారు, అందుకని శీతాకాలానికి ఇది నా జాబితాలో లేదు.

తిరిగొచ్చాక కారవాన్ ఎక్కడ ఉంచాలన్నది మిగిలింది. ఏడాదిలో ఎక్కువ నెలలు అది ఆగే ఉంటుంది, యాత్రలో ఉన్నది కొద్ది వారాలే. మేం ఇంతకుముందు డబ్బు కట్టిన ఒక స్టోరేజ్ యార్డులో గేటు పగలంతా తెరిచే ఉండేది, అడిగితే కెమెరాలున్నాయి కదా అనేవాళ్లు. అక్కణ్ణుంచి తీసేశాం. ఇప్పుడు కాసోవా (కారవాన్ స్టోరేజ్ యార్డుల సంఘం) గోల్డ్ గ్రేడ్ ఉన్న చోటికి మార్చాం. దూరం ఎక్కువ, అద్దె ఎక్కువ, కానీ మన గేటు కోడ్ మనదే, రాకపోకలన్నీ నమోదవుతాయి. అక్కడ పిచ్ కాంక్రీటు, సమతలం. ఆల్‌కో తాళం, హిచ్ లాక్ రెండూ వేసి, క్లాంప్‌ని రెండో వైపు చక్రానికి వేసి వచ్చాం. నెలకి ఒకసారి వెళ్లి తాళాలు తెరిచి మూసి, టైరులో గాలి చూసి, చక్రాల్ని కొంచెం తిప్పి పెడుతున్నాం.