పరుగా, గుండు కొట్టించుకోవడమా? మా థ్రిల్లర్ ఆరంభానికి ఏది మేలు

మా పది నిమిషాల థ్రిల్లర్ షార్ట్ ఫిల్మ్‌లో మొదటి రెండు నిమిషాల కోసం వారం రోజులుగా వాదులాడుకుంటున్నాం. కథ చిన్నదే. తప్పు చేసిన కుర్రాడు ఒక రాత్రంతా తిరుపతిలో దాక్కోవాలి. అతణ్ణి చూసిన అమ్మాయి ఒక్కతే, అది కూడా వెనుక నుంచి.

ఒక వర్గం పరుగు కావాలంటుంది. గోవిందరాజస్వామి గుడి దగ్గరి సందుల్లో రాత్రి పదకొండుకు ఒకడు పరుగెడతాడు, వెనుక చెప్పుల చప్పుడు, మలుపులో తెర నల్లబడి సినిమా పేరు పడుతుంది. రెండో వర్గం గుండు అంటుంది. లాడ్జి బాత్రూములో ట్రిమ్మర్ మోత, బేసిన్‌లో జుట్టు కుచ్చులు, గిన్నెలో కలిపిన చందనం. ముఖం చూపించం. తలుపు తట్టి "సార్, గది ఖాళీ చేయాలి" అంటాడు లాడ్జి పనివాడు. తర్వాతి షాట్‌లో బస్టాండు. అక్కడ ఎటు చూసినా చందనం పూసిన గుండ్లే.

చంద్రగిరి కోట కావాలన్నవాడూ ఒకడున్నాడు. రాజమహల్ ముందు ఎవరు తీసినా బొమ్మ బాగానే వస్తుంది, కానీ చూసేవాళ్లు రాయల కథ అనుకుంటారు. పైగా అది పురావస్తు శాఖ రక్షిత కట్టడం, అనుమతి వచ్చేసరికి సెమిస్టర్ అయిపోతుంది.

పరుగును ఒక రాత్రి తీసి చూశాం. దాని సుగుణం ఒక్కటే, నచ్చకపోతే పదిసార్లు తీయవచ్చు. ఫోను కెమెరాను ఆటోమేటిక్ సెట్టింగులోనే ఉంచేయడంతో ట్యూబులైట్ల కింద బొమ్మంతా మిణుకుమిణుకుమంది. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే దీపం సెకనుకు వందసార్లు తగ్గి పెరుగుతుంది. షట్టర్ వేగం సెకనులో 1/50 వంతు దగ్గర, ఫ్రేములు సెకనుకు 25 దగ్గర కట్టేస్తే ఆ జబ్బు పోతుంది. చీకట్లో ఐఎస్ఓ (కెమెరా వెలుతురును పట్టే సున్నితత్వం) పెరిగి వచ్చే చుక్కలు మాత్రం పోవు. వీధికుక్కలు కూడా వెంటపడ్డాయి, నిజం చెప్పాలంటే మా నటుడికంటే అవే బాగా చేశాయి. అసలు లోపం వేరే ఉంది. ఈ ఊళ్లో రాత్రి పరుగెత్తేవాడిని చూసి ఎవరూ భయపడరు, బస్సు తప్పిపోతోందేమో అనుకుంటారు.

గుండులో ఆ చిక్కు లేదు. దాక్కోవడానికి గుండు చేయించుకోవడం ఎక్కడైనా చూడవచ్చు, కానీ గుండు కొట్టించుకుంటే మనిషి గుంపులో కరిగిపోయేది మాత్రం ఇలాంటి ఊళ్లోనే. బల్ల కింద బాంబు ఉందని ప్రేక్షకుడికి ముందే తెలిస్తే పదిహేను సెకన్ల ఉలికిపాటు పదిహేను నిమిషాల ఉత్కంఠ అవుతుందని థ్రిల్లర్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్ చెప్పేవాడు. మా బాంబు చెవి వెనుక ఉంది. ట్రిమ్మర్ తగిలి చిన్న గాటు పడుతుంది, చందనం పూసినా ఎండిన ఆ పసుపుపచ్చ పూత మీద ఎర్రచుక్క ఊరుతుంది. అది మనకు కనిపిస్తుంది. బస్టాండులో నాలుగు వరుసల వెనుక కూర్చున్న అమ్మాయికి ఇంకా కనిపించలేదు. గుండ్లను వెనుక నుంచే తీస్తాం కాబట్టి యాత్రికుల ముఖాలు పడవు, డిపోలో అనుమతి అడగడం కూడా తేలిక.

దీని కష్టం జుట్టుతోనే. ఒక్కటే టేక్, తప్పితే మూణ్ణెల్లు ఆగాలి. నటుడి అమ్మగారికి విషయం తెలిసి, "స్వామికి ఇవ్వాల్సిన తలనీలాలు లాడ్జి బేసిన్‌లో పోస్తావా నాయనా?" అన్నారు. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు.

ఆలోచిస్తే దారి దొరికింది. బేసిన్‌లో పడే జుట్టు సెలూన్ నుంచి తెచ్చుకోవచ్చు, ట్రిమ్మర్ మోత విడిగా రికార్డు చేసుకోవచ్చు. జుట్టున్న సన్నివేశాలన్నీ ముందే ముగించి, చివరి రోజు పొద్దున అతను కొండెక్కి కల్యాణకట్టలో తలనీలాలు ఇస్తాడు. అక్కడ రుసుము లేదు. కొండ మీద మేం కెమెరా తీయం. సాయంత్రానికి దిగివస్తే, అరచేయి గుండును నిమిరే షాట్ లాడ్జిలో తీసుకుని నేరుగా బస్టాండుకు వెళ్తాం. చెవి వెనుక గాటుకు కుంకుమలో కొబ్బరినూనె కలిపితే చాలు.

ఓటు వేస్తే నాది గుండుకే. అమ్మగారు కూడా ఒప్పుకున్నారు, కాకపోతే చందనం తానే పూస్తానన్నారు.