చదవడమా, చర్చించడమా, రాయడమా: ఆలోచనకు ఏది మేలు?

కళాశాల విద్యార్థులు ఒక పాఠాన్ని ఆకళింపు చేసుకోవడానికి సాధారణంగా పుస్తకాన్ని మళ్ళీ మళ్ళీ చదువుతారు, లేదా స్నేహితులతో కూర్చుని చర్చిస్తారు. అర్థమైనదాన్ని సొంత మాటల్లో రాసుకునేవారు మాత్రం తక్కువ. రాత అంటే పరీక్షకో అసైన్‌మెంటుకో పరిమితమైన పని అన్న అభిప్రాయం బలంగా పాతుకుపోయింది. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం, ఎందుకంటే మన ఆలోచనల్లో చాలా భాగం రాస్తుండగానే ఒక రూపానికి వస్తుంది.

మళ్ళీ చదవడంలో సౌకర్యం ఉంది. కొత్త విషయంతో తొలి పరిచయానికి చదువును మించిన దారి లేదు. అయితే రెండోసారి చదివేటప్పుడు వాక్యాలు తెలిసినవిగా కనిపిస్తాయి, ఆ పరిచయాన్నే మనం అవగాహన అనుకుంటాం. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కళాశాల విద్యార్థుల్లో కొందరిచేత ఒక పాఠాన్ని మళ్ళీ చదివించి, మరికొందరిచేత పాఠం చూడకుండా గుర్తున్నదంతా రాయించారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్ళీ చదివినవారే కొంత ముందున్నారు. వారం తర్వాత మాత్రం రాసినవారికి 56 శాతం, చదివినవారికి 42 శాతం గుర్తుంది. ఆ ప్రయోగం కొలిచింది జ్ఞాపకాన్ని. ఆలోచన విషయంలో రాత చేసే మేలు ఇంకా లోతైనదని నా నమ్మకం.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒకే గదిలో ఉన్న ఇనుప కడ్డీ, చెక్క ముక్క కంటే చల్లగా ఎందుకు తగులుతుంది? చర్చలో అయితే "ఇనుము ఉష్ణవాహకం కదా" అనగానే ఎదుటివారు తల ఊపుతారు, మాట ముందుకు సాగిపోతుంది. అదే కాగితం మీద "ఇనుము ఉష్ణవాహకం కాబట్టి" అని మొదలుపెడితే ఆ "కాబట్టి" తర్వాత ఏమి రావాలో తేల్చుకోక తప్పదు. "కాబట్టి అది చల్లగా ఉంటుంది" అని రాయబోతే, చాలాసేపుగా ఒకే గదిలో ఉన్న రెండింటి ఉష్ణోగ్రతా ఒకటే కదా అన్న సందేహం చేతిని ఆపుతుంది. ఇనుము మన చేతిలోని వేడిని త్వరగా లాగేస్తుందనీ, చర్మానికి తెలిసేది వస్తువు ఉష్ణోగ్రత కంటే వేడి తరలిపోయే వేగమనీ అప్పుడు తడుతుంది. మనసులో ఒకేసారి నిలుపుకోగలిగేవి నాలుగు అంశాల వరకేనని కోవన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2001లో అంచనా వేశారు. కాగితం ముందటి మెట్టును పట్టి ఉంచుతుంది కనుక, తర్వాతి మెట్టు దానికి అతుకుతుందో లేదో తీరిగ్గా చూసుకోవచ్చు.

అధ్యాపకులు చెప్పినదాన్ని పొల్లుపోకుండా ఎక్కించుకోవడాన్ని నేను ఈ రాతలో లెక్కించను. ల్యాప్‌టాప్‌లో నోట్సు తీసుకునేవారు మాటలను యథాతథంగా దించుతారనీ, భావనకు సంబంధించిన ప్రశ్నల్లో చేత్తో రాసుకునేవారికంటే వెనుకబడతారనీ 2014లో ముల్లర్, ఒపెన్‌హైమర్ అనే పరిశోధకులు చెప్పారు. 2021లో ఆ ప్రయోగాన్ని తిరిగి చేసినప్పుడు యథాతథంగా దించడం మళ్ళీ కనిపించింది గానీ, మార్కుల్లో ఆ తేడా నిలవలేదు. కలమా, కీబోర్డా అన్న వాదన కంటే వాక్యం ఎవరిదన్నదే నాకు ముఖ్యంగా తోస్తుంది.

చర్చకూ ఒక బలం ఉంది: మనకు తట్టని అభ్యంతరాన్ని ఎదుటివారు లేవనెత్తుతారు. ఒంటరిగా రాసేవారికి ఆ అవకాశం తక్కువ, పైగా రాతకు సమయం ఎక్కువ పడుతుంది. సూత్రాలనో తేదీలనో గుర్తుపెట్టుకోవడానికి ఇంత శ్రమ అక్కర్లేదు. కారణాలు, వాదాలు, పరిణామాలు ఉన్న పాఠానికి మాత్రం నేను రాతకే ఓటు వేస్తాను, అదీ చర్చకు ముందు. పుస్తకం మూసి అర పేజీ రాయాలి. వాక్యం ఎక్కడ ఆగిపోయిందో అక్కడ గుర్తు పెట్టుకుని, పుస్తకంలో ఆ భాగాన్నే మళ్ళీ చదవాలి. అప్పటికీ ముడి వీడకపోతే దాన్నే ప్రశ్నగా స్నేహితుల ముందు ఉంచాలి.