ఏ ప్రతాపరుద్రుడు? తెవికీ అయోమయ నివృత్తి పేజీల పనితనం

తెలుగు వికీపీడియాలో ఒక పేరు వెతికితే ఒక్కోసారి వ్యాసం బదులు చిన్న జాబితా వస్తుంది. ఈ పేరుతో ఇంతమంది ఉన్నారు, మీకు కావలసినవారెవరు అని అడిగే పేజీ అది. తెవికీలో దీన్ని అయోమయ నివృత్తి పేజీ అంటారు. పేరు కాస్త బరువుగానే ఉంటుంది, కానీ చేసే పని అక్షరాలా అదే. చరిత్రలో ఒకే పేరు మోసిన ప్రముఖుల్ని విడదీసి చూసుకోవడానికి ఈ ఏర్పాటు ఎంతవరకు అక్కరకొస్తుందో చూద్దాం. రుసుము లేదు, చదవడానికి ఖాతా కూడా అక్కర్లేదు. కాబట్టి ఖర్చు సంగతి పక్కనపెట్టి నేరుగా పనితనానికి వద్దాం.

మాట ముందే చెప్పేస్తే, దారి చూపడానికి ఇది మంచి పనిముట్టు. చిక్కల్లా దీని అచ్చు ఇంగ్లీషు వికీపీడియా నుంచి వచ్చింది. అక్కడ పేరు ముందు రాసి, పక్కన బ్రాకెట్లో వృత్తి పెడితే సరిపోతుంది. మన పేర్లకు ముందు ఇంటిపేరు, చివర రావో రెడ్డో శాస్త్రో ఉంటాయి. పాతవాళ్లయితే డు, పెద్దవాళ్లయితే గారు తగులుకుంటాయి. ఈ తేడా తెలియకుండా వాడితే ఉన్న పేజీ కూడా లేనట్టే అనిపిస్తుంది.

పరీక్షకు పెట్టడానికి ప్రతాపరుద్రుడి కన్నా మంచి పేరు దొరకదు. కాకతీయ వంశంలోనే ఈ పేరు ఇద్దరికి చెల్లుతుంది. హనుమకొండ వేయిస్తంభాల గుడి కట్టించిన రుద్రదేవుణ్ణి (1158–1195) కొందరు చరిత్రకారులు మొదటి ప్రతాపరుద్రుడంటారు. రుద్రమదేవి కూతురి కొడుకు, 1289లో గద్దెనెక్కి 1323లో ఓరుగల్లును ఢిల్లీ సైన్యానికి పోగొట్టుకున్నవాడు రెండో ప్రతాపరుద్రుడు. పుస్తకాల్లో ముందూ వెనకా ఏమీ లేకుండా ప్రతాపరుద్రుడంటే చాలావరకు ఈయనే. మూడో ఆయన ఒడిశా గజపతి, 1497 నుంచి 1540 దాకా ఏలినవాడు. కృష్ణదేవరాయలు ఉదయగిరి, కొండవీడు కోటలు గెలుచుకున్నది ఈయన నుంచే, తర్వాత పెళ్లాడిందీ ఈయన కూతుర్నే. ముగ్గురూ రాజులు, ముగ్గురికీ తెలుగు నేలతో సంబంధం ఉంది. ఇక్కడ పేరు పక్కన (రాజు) అని పెడితే ఒరిగేదేమీ లేదు. వంశం పేరు, ఏలుబడి సంవత్సరాలు రెండూ ఉంటేనే ఆ వరుస పనికొస్తుంది. మొదటి, రెండవ అన్న అంకెలు తర్వాతి చరిత్రకారులు వేసినవి, పుస్తకానికో లెక్క ఉంటుంది. అంకె కనిపించినా సంవత్సరాలు చూడాల్సిందే.

లింకు తప్పు మనిషికి వెళితే నష్టం చిన్నదేం కాదు. విద్యానాథుడి అలంకారశాస్త్ర గ్రంథం ప్రతాపరుద్ర యశోభూషణం కాకతీయుడి పేరు మీద వచ్చింది. ధర్మశాస్త్ర గ్రంథం సరస్వతీ విలాసం గజపతి పేరు మీద వచ్చింది. చైతన్య మహాప్రభువు (1486–1534) మెలిగింది గజపతి కాలంలో. చైతన్యుడి గురించి రాస్తూ 'ప్రతాపరుద్రుడు' అనే మాటకు చూడకుండా లింకు పెట్టేస్తే, అది చైతన్యుడు పుట్టడానికి 160 ఏళ్లకు పైగా ముందే రాజ్యం పోయిన కాకతీయుడి మీద వాలవచ్చు. వికీ దీన్ని పసిగట్టదు. పేజీ లేకపోతే లింకు ఎర్రగా కనబడుతుంది, ఏదో ఒక పేజీ ఉంటే నీలంగా మారిపోతుంది. ఆ నీలం చూసి అంతా సరిగ్గానే ఉందనుకోవడం దగ్గరే చాలామంది బోల్తా పడతారు.

ఇక వెతకడం. వెతుకు పెట్టెలో టైప్ చేస్తుండగా కింద జారే సూచనలు ముఖ్యంగా శీర్షిక మొదటి అక్షరాలతో పోల్చి ఇచ్చేవి. అందుకని పాతకాలపు పేర్లకు చివరి డు తీసేసి వెతకాలి. 'నాగార్జునుడు' అని పూర్తిగా కొడితే నాగార్జున కొండ, నాగార్జున సాగర్ జాబితా నుంచి జారిపోతాయి. 'నాగార్జున' దగ్గర ఆపితే అవీ వస్తాయి, నాగార్జునుడూ వస్తాడు. ఎందుకంటే కంప్యూటరు లెక్కలో 'నాగార్జునుడు' అంటే 'నాగార్జున' అనే అక్షరాలకు కొమ్ము, ఆపైన 'డు' చేర్చడమే. అలాగే 'భాస్కరుడు' అని కొడితే భాస్కరాచార్య తప్పిపోతాడు, 'భాస్కర' దగ్గర ఆగాలి.

నిజానికి ఈ డు మనకు ఉచితంగా దొరికిన అయోమయ నివృత్తి. బౌద్ధంలో శూన్యవాదమనే మాధ్యమిక దర్శనం చెప్పిన ఆచార్యుణ్ణి నాగార్జునుడంటాం, 1959లో పుట్టిన అక్కినేని వారి అబ్బాయిని నాగార్జున అంటాం. నాగార్జునుడి కొత్త సినిమా అని ఎవరూ అనరు. ఇంగ్లీషు అక్షరాల్లో ఈ సుఖం లేదు, ఇద్దరికీ ఒకటే స్పెల్లింగు. అయితే పాతవాళ్లిద్దరి మధ్య పేచీ వస్తే డు ఏమీ చేయలేదు. మూలమధ్యమక కారిక, శాతవాహన రాజుకు రాసిన లేఖగా చెప్పే సుహృల్లేఖ దార్శనికుడివి. పాదరసం, లోహాల మార్పిడి, రసరత్నాకరం వంటివి కొన్ని శతాబ్దాల తర్వాతి సిద్ధ నాగార్జునుడికి చెందే సరుకు. టిబెట్ సంప్రదాయం ఇద్దర్నీ కలిపేసి ఆయనకు వందల ఏళ్ల ఆయుష్షు కట్టబెట్టింది, కాబట్టి తప్పంతా వికీ మీదికి తోసేయలేం. ఒకే వ్యాసంలో శూన్యవాదమూ రసవాదమూ పక్కపక్కన కనిపిస్తే ఇద్దరు కలిసిపోయారేమోనని అనుమానించండి.

భాస్కరుల సంగతి ఇంకో తమాషా. మొదటి భాస్కరుడు ఆర్యభటీయానికి 629లో వ్యాఖ్య రాసినవాడు. రెండో భాస్కరుడు 1114లో పుట్టి 1150లో సిద్ధాంత శిరోమణి పూర్తిచేసినవాడు, లీలావతి అందులో భాగమే. ఇక భాస్కర-1, భాస్కర-2 అంటే 1979లోనూ 1981లోనూ అంతరిక్షంలోకి వెళ్లిన భారత ఉపగ్రహాలు. పేరు అదే, అంకెలూ అవే. తెలుగు సాహిత్యంలోకి వస్తే తిక్కన తాతగారు మంత్రి భాస్కరుడు, రామాయణం రాసిన హుళక్కి భాస్కరుడు తోడవుతారు. భాస్కర శతకం మాత్రం ఈ కోవలోది కాదు, అందులో భాస్కరా అన్నది సూర్యుణ్ణి పిలిచే మకుటం.

ఆధునికుల దగ్గర చిక్కు ఇంకోలా వస్తుంది. అక్కడ శీర్షిక మొదలయ్యేది ఇంటిపేరుతో. అందువల్ల 'నాగేశ్వరరావు' అని కొడితే, ఆ పేరుతో అయోమయ నివృత్తి పేజీయో దారిమార్పో (ఒక పేరు కొడితే మరో శీర్షికకు పంపే ఏర్పాటు) లేకపోతే, సూచనల్లో అక్కినేని రాడు, కాశీనాథుని రాడు. 1893లో అమృతాంజనం, 1908లో ఆంధ్రపత్రిక మొదలుపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు (1867–1938) దొరకాలంటే ఇంటిపేరైనా గుర్తుండాలి, లేదా శీర్షికల్లో వెతకాలి. ఆ పద్ధతి ఇది: ఇంగ్లీషు అక్షరాల్లో ఇన్‌టైటిల్ (intitle) అని ఖాళీ లేకుండా కొట్టి, కోలన్ పెట్టి, వెంటనే తెలుగులో పేరు రాసి ఎంటర్ నొక్కాలి. ఆ మాట శీర్షికలో ఎక్కడున్నా వస్తుంది.

ఇంతా చేసి ఖాళీ దగ్గర దెబ్బ తింటాం. 'నాగేశ్వరరావు' ఒక మాట, 'నాగేశ్వర రావు' రెండు మాటలు. వెతికే యంత్రానికి ఇవి వేర్వేరు. శీర్షికలు రెండు రకాలుగానూ ఉంటాయి కనుక రెండు సార్లు వెతకాలి, లేదంటే మామూలు వెతుకులాటలో 'నాగేశ్వర' తర్వాత చుక్కగుర్తు (*) పెట్టాలి. పొట్టి పేర్లలో కంటికి కనిపించని శత్రువు మరొకటుంది. ఎన్టీఆర్ అని ఒత్తుతో రాయడం వేరు, ఎన్‌టీఆర్ అని పొల్లు విడిగా ఉంచడం వేరు, ఎన్.టి.ఆర్ అని చుక్కలతో రాయడం వేరు. రెండో దాంట్లో అక్షరాలు అతుక్కోకుండా ఆపే, కనబడని గుర్తు ఒకటుంటుంది. ప్రతి రూపానికీ దారిమార్పు పెట్టి ఉంటేనే పాఠకుడు గట్టెక్కుతాడు.

సుబ్బారావుల దగ్గర ఈ ఏర్పాటు అసలు బలమూ బలహీనతా రెండూ బయటపడతాయి. ఎంకి పాటల నండూరి సుబ్బారావు, జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు ఇద్దరూ 1895లోనే పుట్టారు. కాబట్టి పుట్టిన సంవత్సరం ఒక్కటే ఇస్తే చాలదు. యల్లాప్రగడ వారితో కలగాపులగమయ్యే మరొకాయన తల్లాప్రగడ సుబ్బారావు (1856–1890), మద్రాసులో దివ్యజ్ఞాన సమాజం వారికి వేదాంతం వివరించిన పండితుడు. ఇంటిపేర్లు ప్రాస కుదిరినట్టుంటాయి. పైగా ఇంగ్లీషులో ఇద్దరి పేర్ల చివరా రావు బదులు రో అని చదివించే పాత స్పెల్లింగే ఉంటుంది. నాయని సుబ్బారావు కవి కనుక ఆయన నండూరి పక్కన నిలబడతాడు. మంచి అయోమయ నివృత్తి పేజీలో ఇలాంటి వరుస ఎలా ఉండాలంటే: పూర్తి పేరు, జనన మరణ సంవత్సరాలు, మనిషిని పట్టిచ్చే ఒక్క ముక్క. 'ప్రముఖ రచయిత', 'గొప్ప శాస్త్రవేత్త' వంటివి రాస్తే ఆ ముక్క వృథా. 'ఎంకి పాటలు రాసిన కవి' అంటే చాలు. వరుసకు ఒక్క లింకే ఉండాలి. ఊరికీ అవార్డుకీ కూడా లింకులు పెడితే చదివేవాడు దేన్ని నొక్కాలో తెలియక మళ్లీ మొదటికొస్తాడు.

ఈ ఒక్క ముక్క విద్య మనకు కొత్త కాదు. నెల్లూరు మనుమసిద్ధి కొలువులో ఇద్దరు తిక్కనలుండేవారు. ఒకే ఇంటివాళ్లు, ఒకే కాలం, ఒకే రాజు. భారతం రాసినాయన తిక్కన సోమయాజి అయితే, కత్తి పట్టినాయన ఖడ్గ తిక్కన. ఇక్కడ వంశం, ఊరు, శతాబ్దం ఏవీ పనికిరావని తెలిసి ముందే విశేషణం తగిలించారు. శీర్షికగా 'ఖడ్గ తిక్కన' అన్నది 'తిక్కన (సేనాని)' కన్నా ఎన్నో రెట్లు నయం. వాడుకలో ఇలాంటి పేరు ఉన్నచోట బ్రాకెట్ల జోలికి పోకూడదు.

ఘంటసాల లాంటి పేర్లకు మాత్రం మనుషుల జాబితా ఒక్కటీ చాలదు. అది కృష్ణా జిల్లాలో బౌద్ధ స్తూపమున్న ఊరు, గాయకుడు వెంకటేశ్వరరావు (1922–1974) ఇంటిపేరు, దర్శక నిర్మాత బలరామయ్య ఇంటిపేరు కూడా. వినేవాళ్లలో నూటికి తొంభైమందికి గాయకుడే తడతాడు. అలాంటప్పుడు ఉత్త పేరును గాయకుడికిచ్చి, వ్యాసం నెత్తిన ఇతర వాడుకల మూస (ఈ పేరుతో ఇంకేమున్నాయో చూపే తయారు గమనిక) పెట్టడం మేలా, లేక ఉత్త పేరును జాబితాకే వదలడం మేలా అన్నది ఎప్పుడూ తెగని తగువు. ఇద్దరే ఉంటే నెత్తిన ఒక గమనిక చాలు. ముగ్గురు దాటితే జాబితా మేలు.

అన్నిటికన్నా కష్టమైనది నందమూరి తారక రామారావు. తాత 1923 మే 28న, మనవడు 1983 మే 20న పుట్టారు. ఇంటిపేరు, పెట్టిన పేరు, వృత్తి, చివరికి పొడి అక్షరాలు కూడా ఒకటే. 1983 అని కలిపి వెతికినా ఇద్దరూ వస్తారు, తాతగారు మొదటిసారి ముఖ్యమంత్రి అయ్యింది ఆ ఏడాది జనవరిలోనే. బ్రాకెట్లో నటుడు అంటే ఇద్దరికీ వర్తిస్తుంది. జూనియర్ అన్న వాడుక మాటే ఇక్కడ దిక్కు. కల్వకుంట్ల తారక రామారావు ఇంటిపేరు వేరు కనుక ఆయనతో పేచీ లేదు.

ఇన్ని స్పెల్లింగుల గొడవ లేకుండా మనిషిని పట్టుకోవాలంటే వ్యాసం పక్క పట్టీలోని లింకుతో వికీడేటాకు, అంటే అన్ని భాషల వికీపీడియాలకూ ఉమ్మడిగా వివరాలు దాచే చోటికి, వెళ్లండి. అక్కడ ప్రతి వ్యక్తికీ క్యూతో మొదలయ్యే ఒక అంకె ఉంటుంది. పేరు ఎలా రాసినా అంకె మారదు. మీరు తెరిచింది మనిషి పేజీయో కాదో చూడడానికి, అది ఏ రకమో చెప్పే మొదటి వివరమే చాలు: క్యూ5 అంటే మనిషి, క్యూ4167410 అంటే అయోమయ నివృత్తి పేజీ. తెలుగు జాబితా పేజీ నుంచి ఇంగ్లీషు లింకు నొక్కితే నేరుగా ఒక వ్యక్తి వ్యాసానికి వెళ్లిందంటే తీగ తప్పు చోట కలిపారన్నమాట. ఇక్కడ పెద్ద ప్రమాదం విలీనం. ఒకే పేరు చూసి ఇద్దరు వ్యక్తుల అంశాల్ని (వికీడేటాలోని పేజీల్ని) కలిపేయడానికి నిమిషం చాలు. విడదీయాలంటే రెండు అంశాల చరిత్రలు తెరిచి పాత కూర్పులకు తీసుకెళ్లి, మధ్యలో చేరిన వివరాలను ఒక్కొక్కటిగా ఎవరివి వారికి సర్దాలి. దీన్ని ముందే ఆపడానికి రెండు అంశాల్లోనూ పీ1889 అనే లక్షణం చేర్చి 'ఈయన ఆయన కాదు' అని చెప్పి ఉంచాలి. ఆ లక్షణం ఉందో లేదో చూడకుండా విలీనం మీట నొక్కకూడదు.

తప్పు లింకు సరిదిద్దడం మాత్రం తేలిక. జాబితా పేజీ తెరిచి, పరికరాల్లో ఇక్కడికి లింకున్న పేజీలు చూపించే మీట నొక్కితే, ఎవరో తేల్చకుండా వదిలేసిన లింకులన్నీ బయటపడతాయి. ఒక్కో పేజీలో ఆ వాక్యం చదివి, సంవత్సరం చూసి, చదరపు బ్రాకెట్లలో ముందు సరైన శీర్షిక, నిలువు గీత, తర్వాత కనిపించాల్సిన మాట రాయాలి. 'ప్రతాపరుద్రుని' అని విభక్తి చేరిన రూపం వాక్యంలో ఉంటే దాన్ని గీత తర్వాత అలాగే ఉంచండి. లింకు కోసం వాక్యాన్ని విరగ్గొట్టి 'ప్రతాపరుద్రుడు యొక్క' అని రాసిన చోట్లు ఎదురైతే అవి కూడా అదే చేత్తో బాగుచేయొచ్చు.